జవాబుల ఫైలు

నన్ను మోసం చేసినవాడు నాకు టైపు నేర్పినవాడే. ఈ కథ ఎక్కడ మొదలుపెట్టినా చివరికి ఇక్కడికే వస్తుంది కాబట్టి ముందే చెప్పేస్తున్నాను. జరిగి పాతికేళ్ళు దాటింది. ఇన్నేళ్ళయ్యాక కూడా కోపమేమిటని మా ఇంట్లో వాళ్ళు నవ్వుతారు. నాకు మొదటినుంచీ ముక్కు మీదే కోపం. చిన్నచిన్నవాటి మీద వచ్చింది పూటలో పోతుంది. ఇది పోలేదు, పోగొట్టుకోవాలని నేనూ ప్రయత్నించలేదు.

ఆయన్ని మాస్టారు అనేదాన్ని. ఇంత కోపంలోనూ చెయ్యి "ఆయన" అనే రాస్తోంది, ఏం చెయ్యను, అలవాటు. ఖరగ్‌పూర్‌లో ఝపటాపూర్ వైపు ఆయనకో టైపు ఇన్‌స్టిట్యూట్ ఉండేది. వాళ్ళ నాన్న శ్రీకాకుళం వైపునుంచి వచ్చి బజారులో బట్టల కొట్టు పెట్టుకున్నాడు. మాస్టారికి బట్టల మీద మనసు లేక పదిహేను టైపు మెషీన్లు కొనుక్కొచ్చి ఇంటి కింది హాల్లో బల్లలు వేశారు. నేను పదో తరగతి పాసవగానే మా నాన్న నన్ను అక్కడ చేర్చాడు. నాన్న రైల్వే వర్క్‌షాపులో ఫిట్టరు. ఆదివారం చర్చి అయ్యాక సైకిలు అటు తిప్పి, మాస్టారి మెషీన్లలో తెగిన స్ప్రింగులు, వంగిన అక్షరాలు సరిచేసి, ఒక టీ తాగి వచ్చేవాడు. "మీ పిల్ల నా పిల్ల కాదేటి?" అనేవారు మాస్టారు. ఆ మాట మా నాన్నా నమ్మాడు, నేనూ నమ్మాను.

తొంభైలు సగం గడిచేసరికి టైపు నేర్చుకునేవాళ్ళు తగ్గిపోయారు. మాస్టారు తెలివైనవారు. కలకత్తా వెళ్ళి విడిభాగాలు తెచ్చి కంప్యూటర్లు బిగించి, చుట్టుపక్కల స్కూళ్ళకీ ఆఫీసులకీ అమ్మడం మొదలుపెట్టారు. బల్లలు అవే, వాటి మీద టైపు మెషీన్లు పోయి కంప్యూటర్లు వచ్చాయి. డిగ్రీ, దాని మీద ఒక కంప్యూటర్ కోర్సు చేసి నేనూ అక్కడే ఉద్యోగంలో చేరాను.

కొత్త కంప్యూటరులోకి విండోస్ ఎక్కించడాన్ని మేం లోడింగ్ అనేవాళ్ళం. ఆ పనికి నలుగురం ఉండేవాళ్ళం. నేను, ఇద్దరు బెంగాలీ అమ్మాయిలు, మా అక్క. అక్క అంటే తోడబుట్టింది కాదు. చర్చిలో మా వెనక బెంచీలో కూర్చునే మనిషి. నలభై దాటిన వయసు, హాలంతా వినపడే నవ్వు. భర్త వెన్ను దెబ్బతిని మంచానికి అతుక్కుపోవడంతో ఇల్లు ఆవిడ పని మీదే నడిచేది. ఒకప్పుడు మాస్టారి దగ్గర ఉత్తరాలూ అర్జీలూ టైపు చేసేది. టైపు పోయాక మాస్టారు ఆవిణ్ణి లోడింగ్‌లో కూర్చోబెట్టారు. కంప్యూటర్లో అది తప్ప మరో పని ఆవిడకి రాదు. ఆ ఒక్కటీ మాత్రం ఆవిడలా చేసేవాళ్ళు లేరు.

లోడింగ్‌లో కష్టమేమీ లేదు, కాపలా ఉంది. కంప్యూటరు కాసేపు తన పని తాను చేసుకుని, ఉన్నట్టుండి ఆగి ఏదో అడుగుతుంది. షరతులకి ఒప్పుకుంటున్నారా? ఈ కంప్యూటరుకి పేరేమిటి? మీరు ఏ దేశంలో ఉన్నారు? జవాబు చెప్పేదాకా కదలదు. మనం టీకి వెళ్ళామా, వడ్డించేదాకా పీట మీదనుంచి లేవని మొగుడిలా అలాగే కూర్చుంటుంది. ఒక్కో కంప్యూటరుకి గంట పైనే పట్టేది. మధ్యలో ఇరవై అయిదు అక్షరాల తాళం లాంటిది ఒకటి కొట్టాలి. మేం ముగ్గురం కాగితం చూసి కొట్టేవాళ్ళం. అక్క దాన్ని చర్చి కీర్తన రాగంలో పెట్టి పాడుకుంటూ, కళ్ళు ఇంకో తెర మీద ఉంచి కొట్టేది. ఒకేసారి ఆరు కంప్యూటర్లు చూసుకునేది.

ఒక వర్షాకాలం హిజ్లీ వైపు ఇంజనీరింగ్ కాలేజీ క్యాంపస్‌లో ఒక ల్యాబుకి కేబుళ్ళు ఇచ్చిరావడానికి వెళ్ళాను. అక్కడ పాతిక కంప్యూటర్లు వాటంతటవే లోడవుతున్నాయి. ల్యాబు చూసుకునే బెంగాలీ దాదా ఒక మూల పేపరు చదువుకుంటున్నాడు. కీబోర్డుల దగ్గర ఒక్క మనిషి లేడు. నేను నోరు తెరుచుకుని నిలబడిపోయాను. దాదా నవ్వి, వచ్చీరాని హిందీలో చెప్పాడు. అది అడగబోయే ప్రశ్నలన్నిటికీ జవాబులు ముందే ఒక ఫైలులో రాసి పెట్టెయ్యి దీదీ, అప్పుడది మనుషుల్ని అడగదు, ఆ ఫైలుని అడుగుతుంది, అని. నాలుగు జిరాక్స్ కాగితాలు కూడా ఇచ్చాడు. సైకిలు తొక్కుకుంటూ ఎలా వచ్చానో నాకు తెలీదు. నాకు అప్పుడు ఇరవై నాలుగేళ్ళు. ప్రపంచంలో ఇంత మంచి విషయం ఇంకోటి లేదనిపించింది.

మాస్టారికి చెప్పాను. కాగితాలు రెండుసార్లు తిరగేశారు.

"నువ్వు సెయ్యగలవా?"

"సేస్తాను మాస్టారూ. కానీ మరి మా నలుగురం?"

"ఓసి పిచ్చిదానా. మేడ మీద గదులు ఖాళీగా లేవేటి? అక్కడ క్లాసులు పెడదాం. అక్క సిన్నపిల్లలికి నేర్పుద్ది, ఆ బెంగాలీ పిల్లలిద్దరూ పెద్దోళ్ళకి. ఎవర్నీ తియ్యను. మా అమ్మ మీద ఒట్టు."

వాళ్ళమ్మగారు పక్క గదిలోనే కూర్చుని వక్కలు కత్తిరించుకుంటోంది. "నా మీద ఎందుకురా, నీ మీద ఏసుకో" అంది. అందరం నవ్వాం.

అక్క మాత్రం తేలిగ్గా ఒప్పుకోలేదు. టిఫిను గిన్నె మూత పెడుతూ అడిగింది.

"అది నన్నడగడం మానేస్తే, ఇంక నానెందుకే?"

"మేడ మీద క్లాసులక్కా. మాస్టారు ఒట్టేసినారు."

"ఒట్టు ఆయనేసినాడు. నువ్వేటంతావు?"

"నాదీ పూచీ."

ఆ మాట అన్నాను. ఎవరూ నా నోట్లో కుక్కి అనిపించలేదు. అక్క గిన్నె సంచీలో పెట్టుకుని, "సరే, రాసుకో" అంది.

అక్క లేకపోతే ఆ ఫైలు తయారయ్యేది కాదు. ఇది వినయానికి అనడం లేదు. దాదా కాగితాల్లో ఉన్నవి హిజ్లీ కంప్యూటర్ల ప్రశ్నలు. కలకత్తాలో చవగ్గా దొరికిన ముక్కలతో బిగించిన మా కంప్యూటర్లు అడిగే ప్రశ్నలు వేరు. అవి ఏ కాగితంలోనూ లేవు, అక్క బుర్రలో ఉన్నాయి. మూడు వారాలు మధ్యాహ్నం అన్నాలయ్యాక పక్కపక్కన కూర్చున్నాం. ఆవిడ కళ్ళు మూసుకుని చెప్పేది, నేను రాసేదాన్ని. పచ్చ పెట్టెలో వచ్చిన సౌండు కార్డయితే ఈ చోట ఒకసారి ఆగుతుంది. నల్ల మౌసయితే రెండుసార్లు అడుగుతుంది. మొదటిసారి చేసి చూస్తే ఆరు కంప్యూటర్లకీ ఒకటే పేరు పడి, నెట్‌వర్కులో ఒకదాన్నొకటి రానివ్వలేదు. రెండోసారి గడియారాలన్నీ వేరే ఏ దేశం టైమో చూపించాయి. అక్క పొట్ట పట్టుకుని నవ్వింది. మూడోసారి సగంలో ఆగిపోయి, ఎందుకాగాయో తెలియక నేను మొహం మాడ్చుకుని కూర్చుంటే, ఆవిడే వచ్చి తెర చూసి, "దీని ముందర ఇంకో ప్రశ్న ఉంటాదే, గబుక్కున ఎల్లిపోద్ది. అది రాయలేదు నువ్వు" అంది. నిజమే.

అప్పుడే సాలువా వైపు ఒక స్కూలు నుంచి ఆర్డరు వచ్చింది. ఇరవై నాలుగు కంప్యూటర్లు. అప్పగించాల్సిన రోజు విశ్వకర్మ పూజ మర్నాడు. కలకత్తా నుంచి సరుకు ఆలస్యంగా వచ్చి, అన్నీ బిగించేసరికి పూజ ముందు రోజు సాయంత్రమైంది. ఇంక మిగిలింది లోడింగ్. పూజ రోజున లోడింగ్ ఎలా?

విశ్వకర్మ పూజ నాడు పనిముట్టు ముట్టుకోకూడదు. వర్క్‌షాపులో పెద్దపెద్ద లేతు మెషీన్లకి కూడా పూలు పెట్టి ఆపేస్తారు. మా నాన్న బైబిలు చదివే మనిషి, అయినా ఆ రోజు ఇంట్లో స్క్రూడ్రైవరు కూడా పట్టుకునేవాడు కాదు. కుళాయి కారుతుంటే కింద బకెట్టు పెట్టి మర్నాటిదాకా ఆగేవాడు. అదేమిటి నాన్నా, మనం క్రైస్తవులం కదా అంటే, "దేవుడి సంగతి కాదే, పనిముట్టు సంగతి" అనేవాడు. ఆ ఊళ్ళో చేత్తో పనిచేసేవాళ్ళందరికీ అదే లెక్క, ఏ మతమైనా. మాస్టారు తల పట్టుకుని కూర్చున్నారు.

దారి చూపించింది నేనే. ఫైళ్ళన్నీ ఈ సాయంత్రమే ప్రతి కంప్యూటరులోకీ కాపీ చేసి ఆపేద్దాం. రేపు కరెంటు రాగానే లేచి వాటంతటవే లోడయిపోతాయి. ఒక్క చెయ్యి తగలక్కర్లేదు. మాస్టారి కళ్ళు వెలిగాయి. కానీ గోడ మీద మెయిన్ స్విచ్చి వెయ్యాలి కదా, అది పనిముట్టా కాదా? వాళ్ళమ్మగారిని అడిగారు. "దీపానికి స్విచ్చి ఎయ్యమేటి? ఫేనుకి ఎయ్యమేటి? అది ముడితే తప్పు కాదురా" అని తీర్పు చెప్పిందావిడ. అందరం కలిసి కాపీలు చేసి ఇళ్ళకి వెళ్ళాం.

మర్నాడు హాలంతా పూలు. తెరల మీద గంధం బొట్లు, కీబోర్డుల మీద బంతిపూలు. బయట పిల్లలు మేడల మీదనుంచి గాలిపటాలు ఎగరేస్తున్నారు. పక్క కొట్లవాళ్ళు వచ్చారు, ఆ స్కూలు హెడ్మాస్టరుగారిని కూడా మాస్టారు పిలిచారు. హారతి అయింది. మాస్టారు కళ్ళకద్దుకుని స్విచ్చి వేశారు.

ఇరవై నాలుగూ ఒక్కసారి లేచాయి. నల్లటి తెరలు నీలంగా మారాయి, గీతలు నిండడం మొదలైంది. జనం ప్రసాదం ఖిచుడీ ఉన్న ఆకు దొన్నెలు చేతిలో పట్టుకుని తినడం మర్చిపోయారు. ఏ కీబోర్డు మీద పువ్వు ఆ కీబోర్డు మీదే ఉంది. "బాప్ రే" అన్నారు హెడ్మాస్టరుగారు. "ఇదంతా చెయ్యడానికి మీకు ఎంతమంది కావాలి?"

"మనుషులా? ఒక్కరూ అక్కర్లేదు సార్" అన్నారు మాస్టారు. నా భుజం మీద చెయ్యి వేసి, "అంతా మా అమ్మాయే సేసింది" అన్నారు.

నా కళ్ళు నెత్తికెక్కాయి. సిగ్గుపడుతున్నట్టు తల వంచుకున్నాను గానీ, ఆ మాట ఇంకోసారి అంటే బాగుండుననిపించింది. అక్క పేరు నేను ఎత్తలేదు. మర్చిపోయి కాదు. తర్వాత చెప్పొచ్చులే అనుకున్నాను.

అక్క గోడకి ఆనుకుని నిలబడి ఉంది. ఆ రోజు ఆవిడ నవ్వు వినపడలేదు. చూస్తే, ఒక్కో ప్రశ్న రావలసిన చోట ఆవిడ కుడిచేతి వేళ్ళు చీర మడత మీద కదులుతున్నాయి. తెర ఆగకుండా ముందుకి పోతోంది. వేళ్ళు కాసేపు కదిలి ఊరుకున్నాయి.

ఇరవై మూడు పూర్తయ్యాయి. ఒకటి ఆగిపోయింది, కిటికీ పక్కది. ఏదో అడిగి జవాబు కోసం కూర్చుంది. దానికి ఎంటర్ నొక్కితే చాలు. కానీ ఆ రోజు ఎవరూ నొక్కరు. అది అక్క చెప్పిన ప్రశ్నే, ఒక రకం డిస్కు ఉంటేనే వస్తుందని రెండుసార్లు చెప్పింది. రాసుకోవడం నేను మర్చిపోయాను. పూజ ముగిసి జనం వెళ్ళిపోయినా అది అలా అడుగుతూనే ఉంది. మర్నాడు పొద్దున నేను వెళ్ళేసరికి అక్క అప్పటికే వచ్చి ఆ పువ్వు తీసి పక్కన పెట్టి, ఎంటర్ నొక్కి, అది పూర్తయ్యేదాకా స్టూలు మీద కూర్చుని ఉంది.

పది గంటలకి కంప్యూటర్లతో పాటు నేనూ వ్యానెక్కి సాలువా వైపు వెళ్ళాను. స్కూల్లో అన్నీ బల్లల మీద పెట్టి, కేబుళ్ళు కలిపి, హెడ్మాస్టరుగారు పెట్టిన రసగుల్లాలు తిని, నాలుగింటికి తిరిగొచ్చాను. హాల్లో మాస్టారు ఒక్కరే ఉన్నారు. అక్క టిఫిను సంచీ తగిలించే మేకు బోసిగా ఉంది.

"ఆళ్ళకి సెప్పేసినాను" అన్నారు మాస్టారు, పేపరులోంచి తలెత్తకుండా.

"ఏటి సెప్పేసినారు?"

"రేపట్నుంచి రావొద్దని. ముగ్గురికీ."

"మీరు ఒట్టేసినారు కదా మాస్టారూ?"

"ఒట్టేసినప్పుడు అది పన్జేస్తాదని ఎవుడికి తెలుసమ్మా?"

ఎగతాళికి అనలేదు. ఆయనకది నిజంగానే సరైన సమాధానం. "మరి మేడ మీద క్లాసులు?" అన్నాను.

"మేడ గొడౌనుకి ఇచ్చేసినాను గదా."

"ఎప్పుడు?"

"ఆషాఢంలోనే."

నేను హిజ్లీ నుంచి కాగితాలు తెచ్చింది శ్రావణంలో. ఒట్టు వేసే నాటికే మేడ లేదు. మూడు వారాలు అక్కని పక్కన కూర్చోబెట్టుకుని, లేని గదుల మీద నేను పూచీ పడ్డాను. నా చేతే నా మనిషి గొంతు కోయించాడు, అదీ తడిగుడ్డతో, రక్తం చుక్క కనపడకుండా. మా నాన్న ఎన్ని ఆదివారాలు ఆ మెషీన్ల ముందు వంగి కూర్చున్నాడో అప్పుడు గుర్తొచ్చింది. మాస్టార్ని ఏమైనా అనాలని బల్ల దాకా వెళ్ళి నిలబడ్డాను.

"అలా నిలబడతావేటి? నీకేం భయం లేదు, నువ్వుంటావు. సోమారం ఇంకో పన్నెండున్నాయి. ఆ ఫైలు ఓసారి సరిగ్గా సూసి పెట్టు, నిన్నట్లాగ మళ్ళీ ఆగిపోకుండా" అన్నారాయన. పేపరు మడిచి లోపలికి వెళ్ళిపోయారు.

ఆ సాయంత్రం దీపాలు పెట్టే వేళకి అక్క ఇంటికి వెళ్ళాను. రైల్వే లైన్ల పక్కన రెండు గదుల ఇల్లు. భర్తకి జావ తాగిస్తోంది. నన్ను చూసి స్టూలు చూపించింది. జావ గిన్నె కడిగి బోర్లించాక వచ్చి నా ఎదురుగా చాప మీద కూర్చుంది.

"మాస్టారు నీ పేరు సెప్పినాడు తెల్సా" అంది. "నాకేటి తెలీదమ్మా, ఆ పిల్లే రాసింది, ఇంక ఈళ్ళ ముగ్గురూ అక్కర్లేదని ఆ పిల్లే సెప్పింది, అన్నాడు."

నేను ఏడ్చేశాను. "నాను అనలేదక్కా. మా అమ్మ తోడు, ఒక్క మాట కూడా అనలేదు. నన్నూ మోసం సేసినాడు. మేడ ఆషాఢంలోనే ఇచ్చేసినాడట."

"ఊరుకో. నువ్వనలేదని నాకు తెల్దేటి? ఆడి నోరు నాకు కొత్తా?" అంది. పైట చెంగుతో నా మొహం తుడిచింది కూడా. నాకు ప్రాణం లేచొచ్చింది. ఇంక మేమిద్దరం ఒక వైపు, మాస్టారు ఒక వైపు అనుకున్నాను. ఆయన్ని తిట్టడం మొదలుపెట్టాను. అక్క విన్నది. కాసేపయ్యాక మెల్లగా అడిగింది.

"మానేసినావా?"

"రేపు ఎల్లి మొహం మీద సెప్పేసి మానేస్తానక్కా."

"రేపటి మాట నానడగలేదే. మాస్టారు ఈ సంగతి నీకెప్పుడు సెప్పినాడు?"

"నాలుగింటికి."

"ఇప్పుడు ఆరున్నర. అంతసేపూ ఏటి సేసినావు?"

"ఏటీ సెయ్యలేదక్కా. అలా తిరిగొచ్చినాను" అన్నాను.

ఆవిడ లేచి స్టవ్వు దగ్గరికి వెళ్ళింది. టీ పెడతానంది, వద్దన్నాను. తర్వాతి ఆదివారం చర్చిలో మా వెనక బెంచీలో కూర్చోలేదు, ఇంకో వరసలోకి మారిపోయింది. నేను ఆ ఉద్యోగంలో ఇంకో రెండేళ్ళు ఉన్నాను.

నిజానికి ఆ సాయంత్రం నేను ఎక్కడా తిరగలేదు. మాస్టారు లోపలికి వెళ్ళాక నేను కిటికీ పక్కన కూర్చున్నాను. కళ్ళనిండా నీళ్ళున్నాయి, ఒళ్ళంతా కోపమే, అది కూడా నిజమే. ఆ కోపంతోనే ఫైలు తెరిచాను. అక్క రెండుసార్లు చెప్పిన ప్రశ్న, నేను రాయడం మర్చిపోయింది, ఆవిడ పొద్దున వేలితో నొక్కి జవాబు చెప్పింది, ఆ ఒక్క లైనూ ఉండాల్సిన చోట రాశాను. సోమవారానికి వచ్చినవాటిలో ఆ రకం డిస్కున్న ఒక కంప్యూటరు మీద మొదటినుంచీ నడిపించి, ఎక్కడా ఆగకపోవడం కళ్ళారా చూసుకుని, అప్పుడు లేచి అక్క ఇంటికి బయల్దేరాను.